నిద్రలో నొక్కే బటన్

మేడమీది గది, డిపో వెనక వీధి
జూన్ 3

బావగారికి,

నమస్కారం. గది దొరికింది. ఒక మంచం, ఒక కిటికీ, ఒక ప్లగ్గు, మంచం కింద నా పెట్టె. ఇంకేం లేవు, ఉన్నా పట్టవు. ఉద్యోగం వచ్చిందని మీరు నా చేతిలో పెట్టిన గడియారం రేడియోని మంచం పక్క స్టూలు మీద పెట్టాను. దీని డిజైను మా బావగారే గీశారు, ఇంకా బజారులోకి కూడా రాలేదు అని ఇంటి ఓనరు దగ్గర గొప్పలు పోయాను. ఆయన దాన్ని చేత్తో తూచి చూసి, "బరువుగా ఉంది, మంచి సరుకే" అన్నారు.

నాకు తెల్లవారుజాము మొదటి బస్సు ఇచ్చారు. నాలుగూ యాభైకి డిపో గేటు దాటాలి. ఆరు నెలలు ప్రొబేషను. ఈలోపు మూడుసార్లు ఆలస్యమైతే విచారణ, విచారణలో తప్పు నాదని తేలితే ఇంటికి. ఇరవై తొమ్మిదేళ్ళకి మూడో ఉద్యోగం కూడా పోగొట్టుకుని మళ్ళీ మీ హాల్లో సోఫా మీద పడుకోవడం నాకు ఇష్టం లేదు. మీకూ ఇష్టం ఉండదు. మీరు పేపరు పట్టుకుని నా కాళ్ళ దగ్గర నిలబడి దగ్గిన రోజులు నాకు గుర్తున్నాయి. అక్కడైతే అక్క లేపేది, ఇక్కడ ఈ పెట్టె లేపాలి.

"కాగితం మీద లేని లోపం మా ఫ్యాక్టరీలో లోపమే కాదు, ఫోన్ చేయకు, రాయి" అన్నారు కాబట్టి రాస్తున్నాను. ముందు మంచి. స్టూలుకి కాలు తగిలినా ఇది కదల్లేదు. కరెంటు రెండుసార్లు పోయింది, లోపలి బ్యాటరీ పుణ్యమా అని టైము తప్పలేదు. రేడియో గొంతు బాగుంది, ఇంత చిన్న డబ్బాలోంచి అంత గొంతు ఎలా వస్తుందని ఓనరు గారు రెండుసార్లు మెట్లెక్కి వచ్చారు. అంకెలు మెట్ల మీంచి కూడా కనిపిస్తాయి.

ఇక చెడ్డ. అంకెలు మెట్ల మీంచి కూడా కనిపిస్తాయి. గదంతా ఎర్రగా ఉంది. నేను డ్రైవర్ని కదా, నిద్రలో ఆ ఎర్రలైటు చూసి నా కుడికాలు బ్రేకు తొక్కుతోంది. మంచం చివరి చెక్క అప్పుడే వదులైంది. ఇంకొకటి, గంటల బటన్ ముందుకే వెళ్తుంది, వెనక్కి రాదు. ఒక్క నొక్కు ఎక్కువైతే రోజంతా చుట్టి రావాలి.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


డిజైన్ విభాగం, రెండో అంతస్తు
జూన్ 9

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఫైల్లో పెట్టాను, మొదటి సగం మాత్రం. ఎర్రవెలుగు లోపం కాదు, అది ప్రత్యేకత. కరపత్రంలో దాన్ని "రాత్రి తోడు" అని వేస్తున్నాం. వెనక్కి వెళ్ళే బటన్ కావాలని మొదట్లో మా గదిలో ఒకమ్మాయి అంది. కాలం వెనక్కి వెళ్ళదు కదా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, ఆ బటన్ తీసేశాం.

ఇది ఆషామాషీగా చేసిన సరుకు కాదు. ఇరవై రెండేళ్ళ అనుభవం అందులో ఉంది. ల్యాబులో రోజూ మధ్యాహ్నం మూడింటికి, టీ తాగాక, ఆరుగురు ఇంజనీర్లం ఒక్కో బటన్నీ వందేసి సార్లు నొక్కాం. ఆ తర్వాత నేను స్వయంగా మా పడకగదిలో తొంభై రోజులు పెట్టుకుని చూశాను. తొంభై రోజులూ ఆరింటికల్లా కళ్ళు తెరిచాను. నూటికి నూరు. ఆ నివేదిక కింద సంతకం నాది.

అక్టోబరు ఏడున మా పెద్దాయన ముందు ఆమోదం సమావేశం. అది గట్టెక్కితే ముఖ్య డిజైనరు కుర్చీ నాదే. బయటి మనిషి పరీక్ష కూడా ఒకటి ఉండాలన్నారు. ఆ బయటి మనిషివి నువ్వు. కాబట్టి పక్కన ఇంకో గడియారం ఏదీ పెట్టుకోకు, పెడితే పరీక్ష చెల్లదు.

మీ బావ


మేడమీది గది
జూన్ 22

బావగారికి,

నిన్న పదిహేడు నిమిషాలు ఆలస్యంగా గేటు దాటాను. మొదటి మార్కు పడింది.

జరిగింది ఇది. మూడూ యాభై ఐదుకి అలారం పెట్టబోయి ఒక నొక్కు ఎక్కువ నొక్కాను. మళ్ళీ చుట్టూ తిప్పుకుంటూ వస్తే పదకొండు నొక్కులకే మూడు కనిపించింది. హమ్మయ్య అనుకుని ఆగిపోయాను. అది మధ్యాహ్నం మూడట. పగలో రాత్రో చెప్పడానికి మీరు పక్కన ఒక చుక్క పెట్టారు, ఆవగింజంత. అది వెలిగిందో లేదో చూడాలంటే ముందు దీపం వేసుకోవాలి. మీ పెట్టె నిన్న మధ్యాహ్నం మూడూ యాభై ఐదుకి ఠంచనుగా మోగింది. డ్యూటీ దిగి పడుకున్నవాణ్ణి ఉలిక్కిపడి లేచి యూనిఫాం కూడా వేసుకున్నాను.

నేను ఒక్కడినే ఆలస్యమైతే ఫర్వాలేదు బావా. నా వెనకాల ముప్పై రెండు మంది ఆలస్యమవుతారు. మార్కెట్టుకి వెళ్ళేవాళ్ళు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, రెండో స్టాపులో ఎక్కే ఆసుపత్రి ఆయా. ఆవిడ వెళ్తే గాని రాత్రి ఆయా ఇంటికి వెళ్ళలేదు. ఆవిడ బస్సెక్కి టికెట్టు తీసుకుని, "పెళ్ళయిందా బాబూ నీకు?" అంది. లేదన్నాను. "అదీ సంగతి" అని వెళ్ళి కూర్చుంది.

మీ బావమరిది


డిజైన్ విభాగం
జూన్ 28

బావమరిదికి,

ఇది వాడకం లోపం. వివరాల పుస్తకం పదిహేడో పేజీలో చుక్క గురించి స్పష్టంగా ఉంది. అక్షరాలు చిన్నవైతే భూతద్దం వాడు.

నీకు బజరు కూత పడినట్టు లేదు. రేడియోతో లేచే ఏర్పాటు పెట్టుకో. మెత్తగా మొదలై మెల్లగా పెరుగుతుంది. ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

మీ అక్క నీకు సరిగ్గా తింటున్నావా అని రాయమంది.

మీ బావ


మేడమీది గది
జూలై 30

బావగారికి,

రెండో మార్కు పడింది.

మీరు చెప్పినట్టే రేడియో పెట్టుకున్నాను. నెల రోజులు రెండో షిఫ్టులో వేశారు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. పొద్దున్నే పాటలతో లేస్తుంటే ఈ పెట్టెకి దణ్ణం పెట్టాలనిపించింది, అది నిజం. నిన్నటి నుంచి మళ్ళీ మొదటి బస్సు. మీ రేడియో మూడూ యాభై ఐదుకి క్షణం తప్పకుండా మోగింది. కాకపోతే స్టేషను ఐదింటికి గాని తెరవరు. అప్పటిదాకా సన్నగా సుయ్ మని ఒక చప్పుడు, మెత్తగా మొదలై మెల్లగా పెరిగిందట. ఫ్యాను అనుకుని ఇంకా హాయిగా పడుకున్నాను. ఐదింటికి వార్తలావిడ నమస్కారం చెప్పేసరికి నా బస్సు వెళ్ళాల్సిన టైము దాటి పది నిమిషాలైంది.

ఓనరు గారి దగ్గర కీ ఇచ్చే పాత గడియారం ఒకటి ఉంది. వాడుకోమన్నారు. అది నిమిషానికోసారి కుంటుతుంది గాని లేపుతుందట. మీరు ఊఁ అంటే తెచ్చుకుంటాను. ఇంకొక్కసారి ఆలస్యమైతే నా కొంప మునుగుతుంది.

మీ బావమరిది


డిజైన్ విభాగం
ఆగస్టు 5

బావమరిదికి,

ఊఁ అనలేను. ఇంకో రెండు నెలలు ఓపిక పట్టు. బయటి మనిషి వేరే గడియారం పెట్టుకున్నాడని తెలిస్తే సమావేశంలో నా పరువు ఏం కావాలి? ఇక నుంచి బజరే వాడు. పైన రెండు పెద్ద బటన్లు ఉన్నాయి, ఇంకేం కావాలి?

నీ ఉత్తరం ఫైల్లో పెట్టలేదు. మళ్ళీ రాసి పంపు. "రేడియో సరిగ్గా పెట్టిన సమయానికే పనిచేసింది" అని ఒక్క వాక్యం చాలు. అది అబద్ధం కాదు కదా.

మీ బావ


మేడమీది గది
ఆగస్టు 11

ఫ్యాక్టరీ వారికి,

రేడియో సరిగ్గా పెట్టిన సమయానికే పనిచేసింది.

ఇట్లు, బయటి మనిషి

(బావా, ఈ కింది ముక్క చింపేసి ఫైల్లో పెట్టుకోండి. అది రాస్తుంటే నాకు ఒళ్ళు మండింది. మీరు నాకు ఏడాదిన్నర అన్నం పెట్టారు కాబట్టి రాశాను.)


మేడమీది గది
సెప్టెంబరు 24

బావగారికి,

అయిపోయింది. మూడో మార్కు. నలభై నిమిషాలు.

ఈసారి చుక్క సరిగ్గానే ఉంది, బజరు సరిగ్గానే మోగింది. పైన మీరు చెప్పిన రెండు పెద్ద బటన్లు ఉన్నాయి కదా. ఒకటి నొక్కితే తొమ్మిది నిమిషాల తర్వాత మళ్ళీ లేపుతుంది. రెండోది నొక్కితే మర్నాటి దాకా నోరెత్తదు. రెండూ ఒకే కొలత, ఒకే నునుపు, పక్కపక్కనే. తొమ్మిది నిమిషాలు అడిగాననుకుని రోజంతా అడిగాను. మీ ల్యాబులో టీ తాగి నిలబడి నొక్కినవాళ్ళకి ఏది ఏదో తెలిసే ఉంటుంది. ఇది పడుకున్నవాడి కోసం చేసిన వస్తువు. పడుకుని ఒక్కరైనా నొక్కారా?

రెండో స్టాపులో ఆయా లేదు. చూసి చూసి నడుచుకుంటూ వెళ్ళిపోయిందట. ఆవిడ వెళ్ళేదాకా రాత్రి ఆయా జ్వరంతోనే ఉండిపోయింది. ఆలస్యంగా వచ్చిందని నా బస్సు ఆయాకి మెమో ఇచ్చారు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి క్షమించమని అడిగాను. "మెమోలో నీ పేరు లేదు బాబూ, నా పేరే ఉంది" అంది. చాలా సిగ్గుగా ఉంది బావా. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అక్టోబరు తొమ్మిదిన విచారణ. మీరు ఒక కాగితం రాసివ్వండి. బటన్లు అలా ఉన్నాయని, వేరే గడియారం పెట్టుకోవద్దని మీరే అన్నారని. అంతే. ఆ పాత గడియారం తప్ప మిమ్మల్ని ఇంతవరకూ ఏదీ అడగలేదు.

మీ బావమరిది


డిజైన్ విభాగం
సెప్టెంబరు 29

బావమరిదికి,

నీ బాధ అర్థమైంది. కాగితం రాయనని అనడం లేదు. సమావేశం ఏడున ఉంది, విచారణ తొమ్మిదిన ఉంది. ఏడు దాటనీ, ఆమోదం రానీ. ఆ తర్వాత రెండు రోజుల్లో ఏదో ఒకటి, ఎవరికీ ఇబ్బంది లేని మాటల్లో, ఆలోచించి రాద్దాం. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ పక్కన నిలబడి పనిచేశాను. నువ్వు కుర్రవాడివి, నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది.

మీ బావ


కుట్టుమిషను దగ్గర
సెప్టెంబరు 30

తమ్ముడికి,

పై ఉత్తరం పోస్టులో వేయమని మీ బావ నాకిచ్చారు. కవరు అతికించలేదు, చదివాను. నీవి కూడా అన్నీ ఆయన సొరుగులోంచి తీసి ఇవాళే చదివాను. ఇన్నాళ్ళూ "వాడు బాగున్నాడు" అని తప్ప నాకేం చెప్పలేదు ఆయన.

నేనూ ఒకటి చెప్పలేదు, అది ఇప్పుడు చెప్పాలి. ఆ తొంభై రోజులూ ఆ పెట్టె ఆయన్ని ఒక్కరోజు కూడా లేపలేదు. ఆ కూత వినలేక నేను ఐదింటికే లేచి దాన్ని ఆపేసేదాన్ని. ఆరింటికి ఆయన భుజం పట్టుకుని కుదిపేదాన్ని. కళ్ళు తెరిచి, ఎదురుగా ఆరు కనిపించగానే పుస్తకంలో టిక్కు పెట్టుకునేవారు. అంత సంబరంగా టిక్కులు పెట్టుకుంటుంటే చెప్పడానికి మనసొప్పలేదు. నా మౌనం నీ మీదికి వస్తుందని అనుకోలేదురా.

ఇంకోటి. చీకట్లో ఏ బటనో తెలియక మొదటి వారమే పూర్తిగా ఆపే దాని మీద ఒక చొక్కా గుండీ అతికించుకున్నాను. పెట్టె ఫ్యాక్టరీకి తిరిగి తీసుకెళ్ళేటప్పుడు ఆయన దాన్ని చూసి, "ఎవరో ఏదో చెత్త అంటించారు" అని గోరుతో పీకేశారు.

నాలుగో తారీఖున నీ గదికి వస్తున్నాను, ఎనిమిదిన వెళ్ళిపోతాను. చాప తెచ్చుకుంటాను. ఆయనకి ఏమీ చెప్పను. లేపడానికి ఆయన మళ్ళీ ఇంటికి తెచ్చుకున్న పెట్టె ఉంది కదా, నూటికి నూరు.

అక్క


పడకగది
అక్టోబరు 7, సాయంత్రం

బావమరిదికి,

మీ అక్క నీ దగ్గరే ఉందని తెలుసు. ఈ ఉత్తరం ఆమెకి కూడా చూపించు. చూపించకపోయినా చదువుతుంది.

ఐదున, ఆరున సెలవులు కాబట్టి బతికిపోయాను. ఇవాళ తొమ్మిదింటికి సమావేశం. నాకు మెలకువ వచ్చేసరికి తొమ్మిదీ పది. బజరు మోగింది, నాకు గుర్తుంది. ఇంకో తొమ్మిది నిమిషాలు చాలనుకుని చెయ్యి చాపి నొక్కడం కూడా గుర్తుంది. నేను గీసిన బటన్, నేను నొక్కింది, నాకే ఏదో తెలియలేదు. పక్కకి తిరిగి మీ అక్క మీద కోప్పడబోయి ఆగాను. ఆమె లేదు.

పదింటికి పరుగెత్తుకుంటూ వెళ్తే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను లేకపోవడంతో ప్రశ్నలు అడగడానికి ఎవరూ దొరక్క పావుగంటలో ఆమోదించేశారట. పుష్పగుచ్ఛం కూడా ఇచ్చారు. అది పట్టుకునే చెప్పాను, ఇది మనిషిని లేపదండీ అని. "ఎక్కడుంది అలాగని? కాగితం మీద నూటికి నూరు అని ఉంది, కింద సంతకం మీదే" అన్నారు. ఇరవై రెండేళ్ళు నేను అందరికీ చెప్పిన మాటే నాకు తిరిగి చెప్పారు. ఫైలు తెప్పించి ఆ సంతకం కొట్టేశాను. సంతకంతో పాటు కుర్చీ కూడా కొట్టేసుకుంటున్నారని ఆయన మర్యాదగానే హెచ్చరించారు. పెన్ను అప్పటికే కాగితం మీద ఉంది.

తొమ్మిదిన వస్తున్నాను. ఉత్తరం పంపను, నేనే వస్తాను. నువ్వు కుర్రవాడివి, ఇంకో ఉద్యోగం దొరుకుతుందని రాసిన చెయ్యి నాదే.

మీ బావ


మేడమీది గది
అక్టోబరు 15

అక్కా,

ఆర్డరు ఇవాళ చేతికొచ్చింది. నన్ను తీసేయలేదు. ప్రొబేషను ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఆఖరి వాక్యంలో "సదరు డ్రైవరు కీ ఇచ్చే సాదా గడియారం ఒకటి ఉంచుకొనవలెను" అని కూడా రాశారు. ఓనరు గారిది అప్పుడే తెచ్చేసుకున్నాను.

విచారణలో ఏం జరిగిందో బావ నీకు చెప్పి ఉండరు. ముగ్గురు అధికారులు కూర్చున్నారు. బావ పెట్టెని బల్ల మీద పెట్టి, "అయ్యా, దయచేసి పడుకోండి" అన్నారు. డిపో మేనేజరు గారు మండిపడ్డారు. "ఇది డ్రైవరు విచారణా, గడియారం విచారణా?" అన్నారు. "రెండిటిలోనూ తప్పు నాదేనండీ, అది పడుకుంటే గాని కనిపించదు" అన్నారు బావ. ఆ గొంతులో ఏముందో గాని ఆయన బూట్లు విప్పి బెంచీ మీద పడుకున్నారు. మిగతా ఇద్దరూ ఆయన్ని చూసి పడుకున్నారు. కళ్ళు మూసుకుని తొమ్మిది నిమిషాల బటన్ నొక్కమన్నారు బావ. ఇద్దరు పూర్తిగా ఆపేశారు. మేనేజరు గారు రేడియో పెట్టారు, అందులో ఉల్లిపాయల ధరలు వచ్చాయి.

అప్పుడు బావ జేబులోంచి నువ్విచ్చిన గుండీ తీసి అతికించి మళ్ళీ నొక్కమన్నారు. ముగ్గురూ తప్పు లేకుండా నొక్కారు. "ఈ ఉపాయం ఎవరిది?" అని అడిగారు. "మా ఆవిడది. నేను పీకేశాను" అన్నారు. రాసుకునే గుమాస్తా అది కూడా రాసేశాడు.

ఆయా మెమో మాత్రం అలాగే ఉంది. ఆసుపత్రికి డిపో తరఫున ఉత్తరం రాయమని మేనేజరు గారి వెంట పడుతున్నాను. రేపు మళ్ళీ వెళ్తాను.

తమ్ముడు


ఫిర్యాదుల విభాగం, కింది అంతస్తు, మెట్ల కింద
నవంబరు 2

బావమరిదికి,

పై అడ్రసు చూశావు కదా. కుర్చీ ఇచ్చారు, కాకపోతే మెట్ల కింద. పెట్టె పోయిన నెలలోనే బజారులోకి వెళ్ళింది, గుండీ లేకుండానే. రోజుకి నలభై ఉత్తరాలు వస్తున్నాయి. చుక్క గురించి పదహారు, బటన్ల గురించి మిగతావి. రేడియో గొంతు బాగుందని ఒకే ఒక్కాయన రాశాడు, ఆయన కూడా ఆఫీసుకి ఆలస్యమయ్యాడు. అన్నీ పూర్తిగా చదువుతున్నాను. చదివి, రెండు కాపీలు తీసి, ఒకటి పెద్దాయన బల్ల మీద పెట్టి వస్తున్నాను. ఆయా మెమో రద్దయిందని రాశావు, చాలా సంతోషం.

మీ అక్క తిరిగొచ్చాక ఇక లేపనని చెప్పేసింది. మొదటి మూడు రోజులు తిప్పలు పడ్డాను. నాలుగో రోజు, పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, నన్ను నువ్వు లేపేదానివి సరే, నిన్నెవరు లేపేవారు అని అడిగాను. "ఎవరూ లేపరు. లేవకపోతే ఎవరి పని ఏమవుతుందోనన్న భయంతో మెలకువ వస్తుంది" అంది. సూదిలో దారం ఎక్కిస్తూ మామూలుగానే అంది. నేను గడియారాలు గీసేవాణ్ణి.

ఈ ఉదయం ఐదింటికి ఎలాగో లేచాను. ఆమె నిద్రపోతోంది. ఆమె నిద్రపోతుంటే నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. చెప్పులు చేతిలో పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎనిమిదింటికి లేచి వచ్చి, లేపలేదేం అని నన్ను తిట్టింది.

మీ బావ